ఫిట్ అని రాసిచ్చారు

బెంగుళూరు పోయొచ్చినవాళ్ళు లాల్‌బాగ్ గురించి చెబుతారు, విధానసౌధ గురించి చెబుతారు. నేను ఆ రెండూ చూడలేదు. నాలుగు రోజుల్లో నేను చూసిన బెంగుళూరంతా మెట్లే. రైలు స్టేషన్లో వంతెన మెట్లు, బళేపేటలో చిన్నమ్మ మిద్దె మెట్లు, ఆసుపత్రి మెట్లు, బస్సు మెట్లు. ఎక్కడ ఎన్ని ఉన్నాయో, ఎన్నో మెట్టు దగ్గర ఆగి గోడ పట్టుకున్నానో ఇప్పుడడిగినా చెప్పగలను. స్టాఫ్ రూములో అడిగినవాళ్ళకు "బాగానే జరిగింది" అని రెండు ముక్కల్లో చెప్పి తప్పించుకున్నాను. మిగిలిందంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను హిందూపురంలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచర్‌ని. పేరు రత్న. రెండేళ్ళ కిందట, నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, మెడ పక్కన గోలీల్లా గడ్డలు లేచాయి. క్యాన్సర్ అన్నారు. బెంగుళూరులో ఇంజెక్షన్లు ఇచ్చారు, కరెంటు పెట్టారు. కరెంటు అంటే పెద్ద మిషను కింద పడుకోబెట్టి కిరణాలు పట్టించడం. వార్డులో ఎవరూ దాన్ని ఇంకో పేరుతో పిలవరు. జుట్టంతా పోయింది, మళ్ళీ వచ్చింది. గడ్డలు పోయాయి, మళ్ళీ రాలేదు. కుదిరిన పెళ్ళి సంబంధం పోయింది, అదీ మళ్ళీ రాలేదు. దాని గురించి నాకు పెద్ద బెంగ లేదు.

బెంగంతా ఉద్యోగం గురించి. జీతం లేని సెలవులో ఉన్నాను. డ్రిల్ పనికి ఒళ్ళు సరిపోతుందని డాక్టరు చేత రాయించుకుని నెలాఖరులోపల చేరాలి. లేదంటే నన్ను కుట్టు టీచరుగా వేసి, నా చోట వేరొకరిని తీసుకుంటారు. కుట్టు చెడ్డ పనేం కాదు. కానీ జిల్లా పోటీల్లో ఖోఖో ఆడినదాన్ని పట్టుకుని, కూర్చుని కాజాలు కుట్టమంటే చావొచ్చినంత పని. చావు ఎలా ఉంటుందో కాస్త దగ్గర్నుంచి చూశాను కాబట్టి తెలిసే అంటున్నాను.

బండిలో

జబ్బు తగ్గినప్పట్నుంచి మా అమ్మ నన్ను పూచికపుల్ల ఎత్తనివ్వలేదు. డాక్టరు ఎప్పుడో విశ్రాంతి తీసుకోమన్నాడట, ఆ మాట పట్టుకుని ఏడాదిగా కూర్చోబెట్టి నెయ్యి పోసి పెట్టింది. మా వైపు ఆరోగ్యానికి ఒకటే కొలత, ఒళ్ళు. ఒళ్ళు తగ్గితే జబ్బు, ఒళ్ళు వస్తే నయం. నాకు దండిగా వచ్చింది. వీధిలో చూసినవాళ్ళంతా "ఇప్పుడు కళగా ఉన్నావు" అనేవాళ్ళు. పైన పటారం, లోన లొటారం. పొద్దున లేచేసరికే నాకు సాయంత్రం అయినట్టుండేది. అలసట పని చేశాక రావాలి కదా. నాది పనికంటే ముందే వచ్చి కూర్చునేది. ఆ సంగతి ఇంట్లో చెప్తే ఇంకో గరిటె నెయ్యి పోస్తారని చెప్పలేదు.

ఒంటరిగా వెళ్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. తర్వాత తమ్ముడి పరీక్షలు అడ్డమొచ్చి ఒప్పుకుంది. బండి గౌరీబిదనూరులో ఆగినప్పుడు ఒకామె అనపకాయల గంపతో ఎక్కి, నన్ను ఎగాదిగా చూసి, గంప పైకి పెట్టడానికి ఒక చెయ్యి వేయమంది. ఏడాది తర్వాత నన్ను ఒకరు పని అడిగారు. సంతోషంతో లేచి పట్టుకున్నాను. భుజం దాకా ఎత్తానో లేదో కళ్ళు చీకట్లు కమ్మాయి. గంప జారింది, అనపకాయలు రైలుపెట్టె అంతా పరుచుకున్నాయి. సీట్ల కింద దూరి అందరూ ఏరి పెడుతుంటే నేను కిటికీ ఊచ పట్టుకుని ఊపిరి తీసుకుంటూ కూర్చున్నాను. ఆమె తిట్టలేదు. ఇంత ఒళ్ళు పెట్టుకుని ఇంత సుకుమారమా అని నవ్వి, నా ఒళ్ళో రెండు గుప్పెళ్ళ కాయలు పోసింది.

నాకు మాత్రం మా చిన్నప్పటి డ్రిల్ మాస్టారు గుర్తొచ్చాడు. ఆయన వేపచెట్టు నీడలో కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలేసుకుని విజిల్ ఊదేవాడు. మేమంతా ఎండలో ఎగిరేవాళ్ళం. నేను టీచర్‌నయ్యాక మొదటి రోజే నా కుర్చీ ఆఫీసు గదిలోకి పంపించేశాను. పిల్లలతో ఏం చేయిస్తానో అది ముందు నేను చేసి చూపించాలని నా పట్టుదల. ఆ పట్టుదలకి ఇప్పుడు నవ్వొచ్చింది.

బళేపేట, ఇరవై రెండు మెట్లు

చిన్నమ్మ అంటే అమ్మకు పినతల్లి కూతురు. వాళ్ళది మూడు తరాల కిందటే బళేపేటలో స్థిరపడిన కుటుంబం. కింద గాజుల అంగడి, మీద ఇల్లు. సందులో అటు పక్క మేకులు, గొళ్ళాలు, ఇనుప గొలుసులు. ఇటు పక్క గాజులు. ఒకవైపు ధన్ ధన్, ఒకవైపు గలగల. బళేపేట మిద్దెలకు మెట్లు నిటారుగా ఉంటాయి, నిచ్చెనకు గోడలు కట్టినట్టు. ఇరవై రెండు. పద్నాలుగో మెట్టు మీద నిలబడిపోయాను. వెనక గాజుల పెట్టె మోస్తూ వస్తున్న చిన్నాయన నిలబడలేక, ముందుకు రాలేక, అలాగే పెట్టెతో ఎదురుచూశాడు. ఆయన మాటల మనిషి కాదు.

ఇక్కడ కాఫీని ఇద్దరు పంచుకు తాగడం మర్యాదే. హోటల్లో బై టూ అంటే ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసిస్తారు. మా ఊళ్ళో అలా అడిగితే పిసినారి అని పేరుపడతాం. చిన్నమ్మ ఇంట్లోనూ అంతే, సగం గ్లాసు కాఫీ, కానీ రోజుకు ఆరుసార్లు. ఆ రాత్రి పితికిపప్పు చేసింది. అనపగింజలు నానబెట్టి, వేళ్ళతో నొక్కి పొట్టు తీసే పని నాకు అప్పజెప్పింది. కూర్చుని చేసే పని ఏదున్నా నాకే వస్తుంది ఈ మధ్య.

చిన్నమ్మ ఒకటే షరతు పెట్టింది. జబ్బు పేరు అంగట్లో ఎత్తొద్దు. పెళ్ళికూతుళ్ళు గాజులు వేయించుకునే చోటు, ఆ మాట చెవిన పడితే అశుభమంటారు. గడ్డ అను, లేదంటే ఊరికే సుస్తు అను అంది. సరేనన్నాను. నాకు అలవాటే.

తర్వాత నా చెయ్యి పట్టుకుని నొక్కి చూసింది. చిన్నమ్మ మనుషుల్ని గాజు సైజుతో గుర్తుపెట్టుకుంటుంది. జబ్బుకు ముందు నాది రెండు నాలుగు. జబ్బులో అవీ జారిపోయేవి. ఇప్పుడు రెండు ఎనిమిది పట్టింది.

"చూడు, రెండు ఎనిమిది అయిండాది. ఒళ్ళు బాగా వచ్చిండాది. ఇంగేం భయం లేదు," అని రెండు చేతులకూ డజను డజను పచ్చగాజులు తొడిగింది. డ్రిల్ టీచర్లు మట్టిగాజులు వేసుకోరని చెప్పబోయాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి ఊరుకున్నాను.

ఆసుపత్రి

రెండో రోజు పొద్దున్నే బయల్దేరాను. బస్సులో ఆడవాళ్ళ సీట్లన్నీ నిండిపోయాయి. గుండుతో, కర్రలా ఉన్న రోజుల్లో నేను ఎక్కితే ముగ్గురు లేచేవాళ్ళు. ఇప్పుడు ఒక ముసలామె నా వైపు చూసి, మనవణ్ణి కూడా నా పక్కనే నిలబెట్టి, వీణ్ణి పట్టుకోమంది. వాడు నన్ను పట్టుకున్నాడో, నేను వాణ్ణి పట్టుకున్నానో దేవుడికే తెలియాలి.

ఆసుపత్రిలో బెంచీల మీద అవే ముఖాలు. అంటే మనుషులు వేరు, ముఖాలు అవే. చేతిలో సంచి, సంచిలో ఫ్లాస్కు, పక్కన ఒక మౌనంగా ఉన్న మనిషి. రెండు గంటలు కూర్చున్నాక పిలిచారు. డాక్టరు మంచివాడు, నన్ను గుర్తుపట్టాడు. మెడ నొక్కి చూశాడు, చంకలు చూశాడు, ఎక్స్‌రే ఫొటో వెలుగుకు పెట్టి చూశాడు, బరువు చూసి మెచ్చుకున్నాడు. గడ్డ జాడ ఎక్కడా లేదన్నాడు. ఉద్యోగం సంగతి చెప్పగానే కాగితం లాగి రెండు నిమిషాల్లో రాసేశాడు. ఫిట్. కింద సంతకం, ముద్ర.

ఏడాదిగా ఈ కాగితం కోసం మొక్కని దేవుడు లేడు. అది అంత తేలిగ్గా చేతికొచ్చింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, మెట్లెక్కలేకపోతున్నానని చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను చూసేది జబ్బునమ్మా. అది లేదు, అందుకు నాది పూచీ. బలం నా ఫొటోల్లో కనబడదు. మెల్లగా వస్తుంది," అన్నాడు. మెల్లగా అంటే ఎలా అని అడగాలనుకున్నాను. అప్పటికే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేసింది. పదిహేడేళ్ళుంటాయి, తలకు స్కార్ఫు. నేను జరిగి దారిచ్చాను.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నా విషయంలో పూజారి ఇచ్చేశాడు, దేవుడే ఇవ్వలేదు. సోమవారం పిల్లల ముందు నిలబడాలి. కాగితం సంచిలో పెట్టుకుని, ఎదురుగా వచ్చిన బస్సెక్కాను. బళేపేట పక్కనున్న మార్కెట్ మీదుగా వెళ్తుందని ఎవరో అన్నారు. ఈసారి సీటు దొరికింది.

యలహంక, దిగకూడని చోటు

కండక్టరు భుజం తట్టి లేపాడు. బస్సు ఖాళీ. యలహంక అన్నాడు. మార్కెట్ ఎప్పుడో వెనక పోయింది, ఈ బస్సు ఊరి ఉత్తరపు చివరదాకా వచ్చి ఆగింది. రోజూ మధ్యాహ్నం పన్నెండు దాటితే నాకు నిద్ర కాదు, స్పృహ తప్పినట్టు ఉంటుంది. ఎవర్ని తిట్టుకోను.

తిరుగు బస్సు అరగంట ఉందన్నారు. సరే, రోడ్డు చివరిదాకా నడిచి చూద్దాం, సోమవారానికి సాధన అవుతుందనుకున్నాను. కాన్వాసు బూట్లు లేసులు బిగించుకుని, పాత రోజుల వేగంతో బయల్దేరాను. అదే తప్పు. ఒళ్ళు పాడైనా కాళ్ళకు పాత వేగమే గుర్తుంటుంది. నూరు గజాలు పోయానో లేదో గుండె గొంతులోకి వచ్చింది. ఉడకబెట్టిన చెనిక్కాయలు, ఉసిరికాయలు అమ్ముకుంటున్న ఒకామె గోనెపట్టా మీద జరిగి చోటిచ్చింది. కూలబడ్డాను. పైనేమో విమానం ఒకటి చెవులు పగిలేలా వెళ్ళింది, ఆమె తలెత్తి కూడా చూడలేదు.

బాగేపల్లి వైపు మనిషట. మొగుడు ఇక్కడ కట్టడం పనుల్లో ఉన్నాడు. నన్ను కింది నుంచి పైకి చూసి మెల్లగా అడిగింది.

"ఒంటిగా వచ్చినావే తల్లీ. ఎన్నో నెల?"

మొదట అర్థం కాలేదు. తర్వాత ఆమె కళ్ళతో నన్ను నేను చూసుకున్నాను. రెండు చేతుల నిండా పచ్చగాజులు. కరెంటు పెట్టిన నల్లమచ్చలు కనబడకుండా మెడ చుట్టూ కప్పిన కొంగు, అందుకని తాళి ఉందో లేదో తెలియదు. బూట్లలో కాళ్ళు, అందుకని మెట్టెలు ఉన్నాయో లేవో తెలియదు. ఊదిన ఒళ్ళు, ఆయాసం, నిద్రమొహం. ఎవరైనా అదే అనుకుంటారు.

అయిదో నెల అన్నాను. నిజం చెప్పాలంటే నాలుగు వాక్యాలు కావాలి. నాలుగు వాక్యాలకు సరిపడా ఊపిరి నా దగ్గర లేదు.

ఆమె ముఖం విచ్చుకుంది. ఉప్పూ కారం అద్దిన ఉసిరికాయలు అయిదారు నా కొంగులో పోసింది. రూపాయి తీస్తే, కడుపుతో ఉన్న బిడ్డ దగ్గర పుచ్చుకోకూడదంది. నాకు పిల్లలు పుట్టే సంగతి ఏమీ చెప్పలేమని డాక్టరు ఎప్పుడో అన్నాడు. ఆ మాటను ఏడాదిగా ఒక మూల పెట్టి తలుపేశాను. ఆ ఉసిరికాయలు ఒళ్ళో పడగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఈ నెలల్లో ఏడుపు మామూలే అని ఆమె నా వీపు రాసింది. తను తొమ్మిదో నెల దాకా ఇసుక మోసిందట. అత్త ఒక్కరోజు కూడా కూర్చోబెట్టలేదట. ఆ అత్తను తిడుతోందనుకున్నాను. కాదు, తలుచుకుని దండం పెడుతోంది.

బస్సు వచ్చాక ఆమే ఎక్కించి, వట్టి మనిషి కాదు, సీటివ్వండని లోపల అందరికీ చెప్పింది. ఇద్దరు లేచారు. ఫిట్ అన్న కాగితం సంచిలో పెట్టుకుని, అబద్ధపు కడుపుతో సంపాదించిన సీట్లో కూర్చుని బళేపేట దాకా వచ్చాను. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా సుఖంగా అనిపించింది, అదీ నా సిగ్గు. దారిలోనే ఒక నిర్ణయానికొచ్చాను. సోమవారం చేరతాను. కుర్చీ వేయించుకుంటాను. విజిల్ ఊదడానికి ఊపిరి చాలు, ఎగరడానికి పిల్లలున్నారు. అందరూ చేసేదే కదా.

వెనక కిటికీ

మూడో రోజు శనివారం. తెల్లవారుజామున కింద నుంచి ధప్ ధప్ మని చప్పుడు వస్తుంటే లేచి వెనక కిటికీ తెరిచాను. కింద పెంకుల చావడి, మధ్యలో ఎర్రమట్టి గోదా, గోడలో ఆంజనేయుడు, దీపం. కుస్తీ నేర్పే చోటును మన వైపు తాలింఖానా అంటామే, దాన్ని ఇక్కడ గరడీమనె అంటారు. ఆడవాళ్ళు లోపలికి పోకూడదు, కిటికీలోంచి చూడకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒక ముసలి వస్తాదు దీపం దగ్గర నిలబడి ఉన్నాడు. గోచీ కట్టినవాళ్ళు వరసగా వచ్చి, మట్టి తాకి కళ్ళకద్దుకుని లోపలికి దిగుతున్నారు. పెద్దవాళ్ళు ముందు, కుర్రకారు తర్వాత, చివర్లో పదేళ్ళ పిల్లలు. ఆ పిల్లల వెనక ఒక మనిషి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుంటాయి. భుజాలు చూస్తే ఒకప్పుడు మంచి పహిల్వాన్ అని తెలుస్తూనే ఉంది, కానీ చర్మం వదులైపోయింది. వాడు అందరికంటే చివర మట్టి తాకాడు. మిగతావాళ్ళు దండేలు, బస్కీలు తీస్తుంటే వాడికి ఒక పార ఇచ్చారు. మూల మట్టి తిరగేయడం మొదలుపెట్టాడు. పది పారలు వేసి ఆగాడు. పార మీద ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోలేదు. ఎవరూ వాడి వైపు చూడలేదు, నవ్వలేదు, శభాష్ అనలేదు. కాసేపటికి మళ్ళీ అయిదు వేశాడు.

నేను కిటికీ దగ్గర్నుంచి కదల్లేకపోయాను.

ఆ వస్తాదు పేరు మునివెంకటప్ప. తొమ్మిది గంటలకు రోజూ చిన్నాయన అంగడి అరుగు మీద కూర్చుని సగం కాఫీ తాగుతాడట. నేను కిందికి దిగి, ఆ చివరి మనిషి ఎవరని అడిగాను. నేను కిటికీలోంచి చూశానని తెలిసి ముఖం చిట్లించాడు గానీ, డ్రిల్ టీచర్‌నని చిన్నాయన చెప్పగానే సర్దుకున్నాడు. తోటి ఉద్యోగస్తురాలిని చూసినట్టు చూశాడు. ఆ మనిషి ఒకప్పుడు ఈ పేటలన్నిటిలో పేరున్న జెట్టి అట. కామెర్లతో మూడు నెలలు మంచం పట్టి లేచాడు.

"జబ్బుపడి లేచినోడు కొత్తోడేనమ్మా. మా గరడీలో అదే కట్టుబాటు," అన్నాడు. "మూడు దినాల జొరమైనా అంతే. వచ్చి పిల్లోళ్ళ ఎనకాల నిలబడల్ల. వానికి పాత లెక్క ఎవరూ గుర్తు చేయకూడదు. చేస్తే రోషానికి పాత లెక్కే తీస్తాడు, మళ్ళా పడతాడు."

రోషం రాదా అని అడిగాను.

"రాక? నాకూ వచ్చింది. కానీ ఎంతమందిని చూసినానో. రోషానికి ఎగిరినోళ్ళు ఇరిగినారు. భయానికి కూచున్నోళ్ళు ఊదినారు. చివర నిలబడినోళ్ళు మిగిలినారు." నా వైపు చూశాడు. "నీకేం జబ్బు?"

చిన్నమ్మ లోపల ఒక పెళ్ళికూతురికి గాజులు ఎక్కిస్తోంది. గడ్డ అనొచ్చు, సుస్తు అనొచ్చు. నాకు ఎక్కడలేని విసుగొచ్చింది. ఎంతమంది దగ్గర ఎన్ని పేర్లు చెప్పను.

"క్యాన్సర్," అన్నాను.

చిన్నమ్మ చెయ్యి ఆగింది. మునివెంకటప్ప మాత్రం గ్లాసు అడుగున ఉన్న కాఫీ తాగి పక్కన పెట్టాడు. "కరెంటు పెట్టినారా? సరే. నడువు. ఆయాసమొచ్చిన చోట నిలబడు, కూచోవద్దు. తగ్గినాక ఇంగొంచెం నడువు. అంతే ఉండాది." ఎన్నాళ్ళు అని అడిగితే, నన్నెందుకడుగుతావు, నీ ఒంటిని అడుగు అన్నాడు.

పెళ్ళికూతురు వెళ్ళాక చిన్నమ్మ నాతో మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. తర్వాత సగం కాఫీ తెచ్చి నా ముందు పెట్టి, ఆ పిల్ల గాజులు వద్దనకుండా తీసుకునే పోయిందిలే అంది.

స్టేషన్ దాకా

ఆదివారం బండికి బయల్దేరుతుంటే చిన్నాయన ఆటో పిలవబోయాడు. నడుస్తానన్నాను. బళేపేట నుంచి రైలు స్టేషన్ ఎంతో దూరం కాదు. మంచి కాళ్ళున్నవాళ్ళు పావుగంటలో పోతారు. ఆయన నా సంచి తీసుకుని వెనక నడిచాడు.

ఈసారి వేగం చూసుకోలేదు. ఒక గొళ్ళాల అంగడి ముందు నిలబడ్డాను. ఒక మూసిన బట్టల అంగడి ముందు నిలబడ్డాను. పూలమ్మే ఆమె దగ్గర నిలబడితే బేరానికి వచ్చాననుకుంది, మొహమాటానికి ఒక మూర కొన్నాను, ముప్పావలా. ఎక్కడా కూర్చోలేదు. వంతెన మెట్లు మాత్రం చచ్చీ చెడీ ఎక్కాను. వచ్చిన రోజు పదకొండో మెట్టు మీద ఆగాను. ఈరోజు పన్నెండో మెట్టు మీద. పావుగంట దారికి నలభై నిమిషాలు పట్టింది. బండి కూత వేసేశాక ఎక్కాను. చిన్నాయన కిటికీలోంచి సంచి అందించి, నాలుగు రోజుల్లో మొదటిసారి తనంతట తాను నాతో మాట్లాడాడు.

"మళ్ళా వచ్చేటప్పుడు కూడా నడిచే పోదాంలేమ్మా," అన్నాడు.

యలహంకలో బండి ఆగింది. ఇంకా రెండు ఉసిరికాయలు సంచిలో మిగిలి ఉన్నాయి. స్టేషన్ నుంచి ఆమె కూర్చునే చోటు కనబడదని తెలిసీ అటే చూశాను. కాయలు తిన్నాను. పుల్లగానే ఉన్నాయి.

మైదానం

సోమవారం హెడ్‌మిస్ట్రెస్ కాగితం చదివి, నా చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. పచ్చగాజులు గలగలమన్నాయి. చిన్నమ్మ తొడిగినవి తీయబుద్ధి కాలేదు. చివరి పీరియడ్ మాస్ డ్రిల్. ఆమె మంచి మనసుతోనే, నేను అడగకముందే, మైదానం పక్కన నీడలో కుర్చీ వేయించింది. బొంతలాంటి మెత్త కూడా ఉంది దాని మీద.

పిల్లలు తరగతుల వారీగా నిలబడ్డారు. పెద్ద తరగతుల వాళ్ళు నన్ను చూసి ఒకటే నవ్వులు, చేతులూపడాలు. నేను విజిల్ తీసి మెడలో వేసుకోలేదు. పదో తరగతి లీడర్ని పిలిచి దాని చేతిలో పెట్టి, పదహారు లెక్కల డ్రిల్ నువ్వు చేయించు అన్నాను. అది తెల్లబోయి మీరో అంది. నేను కుర్చీ వైపు కదులుతానని అందరూ అనుకున్నారు. నిజం చెప్పాలంటే నా కాళ్ళు కూడా అటే ఒక అడుగు వేశాయి. ఎంత మెత్తగా కనిపించిందో ఆ కుర్చీ.

వరసల పక్కనుంచి నడుచుకుంటూ వెనక్కి పోయాను. పదోతరగతి దాటాను, తొమ్మిది దాటాను, ఎనిమిది, ఏడు. నవ్వులు ఆగిపోయాయి. వరండాలోంచి హెడ్‌మిస్ట్రెస్ ఏదో అంటోంది, వినబడలేదు. ఆరో తరగతి పిల్లల్లో అందరికంటే చిన్నదాని వెనక, ఒక చేతి దూరం కొలుచుకుని నిలబడ్డాను.

విజిల్ మోగింది. ఒకటి, రెండు, చేతులు పైకి. మూడు, నాలుగు, పక్కలకి. అయిదుకు వంగాను. ఆరుకు లేచాను. ఏడుకు కళ్ళ ముందు మెరుపులు. ఆగాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాను, కూర్చోలేదు. నా ముందున్న చిన్నది గాజుల చప్పుడు ఆగిందని వెనక్కి తిరిగి చూసింది. ఈ ఏడాదే చేరిన పిల్ల. నేను సెలవులో ఉండగా వచ్చింది కాబట్టి నన్ను ఎప్పుడూ చూడలేదు.

"మీరు కొత్తగా చేరినారా?" అని అడిగింది.

"అవును. ఈ రోజే," అన్నాను.

వంగేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు అని చెప్పి అది ముందుకు తిరిగింది. అప్పటికి ముందు నుంచి పదకొండు అని వినబడుతోంది. పన్నెండుకు నేను మళ్ళీ చేతులెత్తాను.